తలుపు లేని నలభై మూడో గది

ఫెయిర్ ఐలీన్ అనే ఓడలో రెండో అంతస్తు, ఎడమవైపు నడవా... ఆ నడవా చివరికి చీకటి పడ్డాక ఎవరూ వెళ్లరు. తెలియక ఒకసారి వెళ్లినవాళ్లు రెండోసారి వెళ్లరు.

నవ్వొస్తే నవ్వండి గానీ, ఆ ఓడ ఏ సముద్రంలోనూ లేదు. ఒక కంప్యూటర్ ఆటలో ఉంది. ఆ ఆటలో మట్టి, రాయి, చెక్క, ఇనుము అన్నీ చదరపు దిమ్మలే. దిమ్మ మీద దిమ్మ పేర్చి ఇల్లే కడతారో, కోటే కడతారో ఎవరిష్టం వాళ్లది. లోర్నా, వాళ్లాయన ఫ్రేజర్ ఓడ కట్టారు. విక్టోరియా రాణి కాలంనాటి ఆవిరి ఓడ. రెండు పొగగొట్టాలు, మూడు తెరచాప స్తంభాలు, నూట పన్నెండు గదులు, పియానో ఉన్న భోజనశాల. అలాంటి ఓడ నిజానికి ఎప్పుడూ లేదు. పెళ్లైన కొత్తలో వంటింటి బల్ల మీద కాగితం పరుచుకుని ఇద్దరూ కలిసి గీసుకున్నారు. పన్నెండేళ్ల నుంచీ కడుతూనే ఉన్నారు.

ఒకప్పుడు ఓడలు కట్టి బతికిన మా ఊరు గ్రీనక్ ఆ పని మానేసి చాలా కాలమైంది. ఊరు మానేసింది గానీ ఊళ్లోవాళ్ల చేతులు మానలేదు.

లోర్నా, నేను ఒకే బడి వంటగదిలో పనిచేస్తాం. పదకొండేళ్లుగా పక్కపక్కన నిలబడి బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాం. ఇదంతా ఆమె నాకు ముక్కలు ముక్కలుగా చెప్పిందే. నేను వరసగా పేర్చి చెబుతున్నాను, అంతే.

ఆ ఆటలో ఇరవై నిమిషాలకోసారి పొద్దు గుంకుతుంది. బయట మిట్టమధ్యాహ్నమైనా లోపల చీకటి పడిపోతుంది, చుక్కలు పొడుస్తాయి.

అలాంటి ఒక చీకట్లోనే ఆర్చీ విన్నాడు.

ఆర్చీకి డెబ్బై నాలుగేళ్లు. వయసులో ఉన్నప్పుడు నిజం ఓడల్లో చెక్కపని చేసినవాడు. మోకాళ్లు పోయాక తన ఇంట్లో కూర్చునే, ఇంటర్నెట్‌లో ఆ ఆటలోకి వెళ్లి, లోర్నావాళ్ల ఓడకి చెక్కపని చేసిపెట్టేవాడు. ఆ రోజు ఎడమ నడవాలో నేల పరుస్తున్నాడు. పొద్దు గుంకింది. దీపాలింకా పెట్టలేదు. ఓడంతా నిశ్శబ్దం...

టింగ్.

ఆగాడు.

టింగ్... టింగ్... టింగ్... టింగ్.

ఐదుసార్లు గంట. సన్నగా, పసిపిల్లల ఆటబొమ్మలో మోగినట్టు. ఎక్కడి నుంచి? గోడ వెనక నుంచి! తలుపుల మీద అంకెలు చూసుకుంటూ వెనక్కి నడిచాడు. నలభై ఒకటి. నలభై రెండు. తర్వాత గోడ. గోడ తర్వాత... నలభై నాలుగు.

మళ్లీ మోగింది. ఆర్చీ కంప్యూటర్ కట్టేసి, లేచి వెళ్లి ముందు గుమ్మం తలుపు గడియ వేసుకున్నాడు.

మర్నాడు లోర్నాకి ఫోన్ చేశాడు.

"పిల్లా, ఆ నడవాలో గోడ వెనకేముంది?"

"ఏముంటుంది తాతా, నీ చెవిలో గుబిలి."

"వేళాకోళం ఆపి విను. నడిస్తేనే చెప్పేస్తాను నేను, గోడ ఎంత మందమో. పోయినేడు నలభై రెండుకీ నలభై నాలుగుకీ మధ్య ఎనిమిదడుగులు లెక్క తేలలేదు. మనకెందుకులే అనుకున్నాను. నిన్న మళ్లీ కొలిచాను." గొంతు తగ్గించాడు. "తొమ్మిది. పక్కనున్న దుప్పట్ల గది ఒక అడుగు తగ్గింది. ఆ గోడ పెరుగుతోందే, పిల్లా..."

అప్పటికి లోర్నా నవ్వేసింది. కానీ అడిగి చూస్తే ఆటలో ఆ ఓడ పనికి వచ్చే మిగతావాళ్లూ ఒక్కొక్కరే బయటపడ్డారు. చీకట్లో గంటలు విన్నామని ఒకరు, అందుకే ఆ వైపు పని ఒప్పుకోవట్లేదని ఇంకొకరు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఫ్రేజర్‌ని అడిగింది. అతని ముళ్ల చెంచా గాల్లోనే ఆగిపోయింది.

"బొగ్గు దించే గొట్టం అది. గోడ కదిపితే కిందిదాకా పాడవుతుంది. ముట్టుకోకు."

బొగ్గు గొట్టం కుడివైపు ఉంటుంది. మొదట కాగితం మీద ఆ గీత గీసింది లోర్నాయే. అయినా ఆమె మాట పొడిగించలేదు. వాళ్లింట్లో మాటలు పొడిగించడం మానేసి అప్పటికి చాలా ఏళ్లయింది.

ఎన్నేళ్లంటే తొమ్మిదేళ్లు. ఒక జనవరిలో వాళ్లకి ఆడపిల్ల పుట్టింది. నెలలు నిండాకే పుట్టింది. ఏడవలేదు. కళ్లు తెరవలేదు. ఎఫీ అని పేరు ముందే అనుకున్నారు, ఆ పేరుతోనే పాతిపెట్టారు. ఆ రోజు నుంచీ ఫ్రేజర్ నోట ఆ పేరు రాలేదు. పుట్టినరోజు వస్తే పొద్దున్నే కారు షెడ్డులోకి పోయి, తన కంప్యూటర్ ముందు కూర్చుని, రాత్రికి గానీ బయటికి వచ్చేవాడు కాదు. లోర్నా ఒక్కతే పూలు తీసుకుని శ్మశానానికి వెళ్లొచ్చేది.

"మర్చిపోయాడే మనిషి," అనేది నాతో. "కోపం కూడా రావట్లేదు. చల్లబడిపోయాను."

చివరికి, పక్కనే ఉన్న గూరక్‌లో ఒక చిన్న వాటా చూసుకుంది. సోమవారం మారిపోవాలి. బట్టలు సర్దేసింది. ఫ్రేజర్‌కి చెబితే, "సరే," అన్నాడట. అంతే... సరే.

శనివారం మధ్యాహ్నం వాన. ఫ్రేజర్ మ్యాచ్‌కి వెళ్లాడనుకుంది. వెళ్లేముందు ఓడని ఒక్కసారి చూసుకుందామని మేడమీద తన గదిలో ఆట తెరిచింది. పైఅంతస్తు మీద నడిచింది. భోజనశాల చూసింది. పియానో తను చేసింది, దాని వెనక అద్దం అతను పెట్టింది. మెట్లు దిగి ఎడమ నడవాలోకి వచ్చేసరికి... పొద్దు గుంకింది.

టింగ్.

ఆగింది.

టింగ్... టింగ్... టింగ్... టింగ్.

నలభై రెండో తలుపు దాటింది. గోడ ముందు నిలబడింది. ఎలాగూ ఇల్లు వదిలి పోయేదాన్ని, నాకేం భయం అనుకుంది. గొడ్డలి తీసి కొట్టింది. ఒక చెక్క ఊడింది. రెండోది ఊడింది. లోపల... దీపం వెలుగుతోంది.

గది. తలుపు లేని గది.

మొదట తెల్లటి ఉయ్యాల. దాని పక్కన చిన్న మంచం. ఆ పక్కన అంతకంటే కొంచెం పొడవు మంచం. తర్వాత బల్ల, పుస్తకాల అర, చేప పిల్లలున్న గాజుతొట్టి. ఏ వస్తువూ తీసేయలేదు. ఒకదాని పక్కన ఒకటి జరుపుకుంటూ, ఏడాదికొక అడుగు చొప్పున గది పొడవైపోయింది. ప్రతి అడుగు దగ్గరా గోడకి ఒక చెక్కపలక. పలక మీద రాత.

"ఒకటి. పాకుతోంది."

"రెండు. నడిచింది. లోర్నా చెయ్యి వదలదు."

"మూడు. ప్రతిదానికీ ఎందుకు అంటోంది. నాకు జవాబులు రావు."

"నాలుగు. పసుపు రంగు వాన బూట్లు. పడుకునేటప్పుడూ విప్పదు."

"ఐదు. బడి. అక్కడ వడ్డించేది లోర్నాయే. మళ్లీ పెట్టమని అడగడానికి సిగ్గు."

లోర్నా మిగతా పలకలు దాటుకుంటూ చివరి పలక దాకా వెళ్లింది.

"తొమ్మిది. అచ్చం వాళ్లమ్మ. కోపం కూడా."

వెనక ఏదో కదిలింది.

గిరుక్కున తిరిగింది. పగిలిన గోడ కన్నంలో ఒక మనిషి బొమ్మ. పలకదు, కదలదు... ఆమెనే చూస్తోంది. నీలం చొక్కా. ఆటలో ఫ్రేజర్ నడిపే బొమ్మ అది. మ్యాచ్‌కి వెళ్లలేదు. కింద షెడ్డులోనే ఉన్నాడు.

మెట్లు ఎలా దిగిందో ఆమెకే తెలీదు. షెడ్డు తలుపు తోసింది. ఫ్రేజర్ తెర ముందు, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. తెర మీద అదే గది, అదే కన్నం.

"ఆ గంటలేంటి?" అంది.

"మంచం కింద పెట్టాను. చీకటి పడితే వాటంతటవే మోగుతాయి. చీకట్లో... భయపడుతుందని."

"ఎవరు?"

అతను తల దించుకున్నాడు.

"ఎవరు ఫ్రేజర్? చెప్పు."

పైన రేకుల మీద వాన.

"ఎఫీ," అన్నాడు.

తొమ్మిదేళ్లలో మొదటిసారి. అని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. లోర్నా ఆ నూనె మరకల నేల మీదే కూలబడి అతని మోకాళ్లు పట్టుకుని ఏడ్చింది. ఎంతసేపో...

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు తట్టుకోలేవనుకున్నాను."

"నేను ఒక్కదాన్నే తట్టుకున్నాను కదయ్యా," అంది లోర్నా. "ఇన్నాళ్లూ."

ఇక్కడిదాకా విన్నప్పుడు నేను కళ్లు తుడుచుకుని, అమ్మయ్య అనుకున్నాను. సర్దిన బట్టలు మళ్లీ బీరువాలోకి వెళ్లిపోయి ఉంటాయనుకున్నాను.

సోమవారం లోర్నా గూరక్‌కి మారిపోయింది. సామానంతా ఫ్రేజరే మోశాడు.

ఆగలేక అడిగేశాను, మధ్యాహ్నం వడ్డనకి పళ్లేలు పేరుస్తూ. "అంత ప్రేమున్న మనిషిని వదిలేసి ఎలా వచ్చావే? ఉండిపోవాల్సింది కదా?"

"ఉండిపోదామనే అనుకున్నాను. ఆ రాత్రంతా అతని పక్కనే కూర్చుని పలకలన్నీ మళ్లీ చదివాను." చేతిలో పళ్లెం దొంతర మీద పెట్టింది. తర్వాత మెల్లిగా, ఎవరో వింటారన్నట్టు అంది.

"నా బిడ్డకి తొమ్మిది పుట్టినరోజులు చేశాడు. ఒక్కదానికీ నన్ను పిలవలేదు."