శనివారం క్షవరం

సొలాంజ్ మొదటిసారి చూసినప్పుడు ఆర్వో రాయి నాకుతున్నాడు.

సెలూన్లో తన వంతు కోసం కూర్చుని, జేబులోంచి బొటనవేలంత రాయి తీసి, నాలుకతో తడిపి, వెలుతురుకేసి తిప్పి చూస్తున్నాడు.

"ఆకలేస్తే పక్కనే బేకరీ ఉందండీ," అంది సొలాంజ్.

అతని చెవులు ఎర్రబడ్డాయి. "తడిపితే రంగులు బయటపడతాయండీ. అడవిలో అలవాటైపోయింది."

"ఇక్కడ కుళాయి ఉంది."

"నాలుక ఇంకా దగ్గర కదండీ."

సొలాంజ్ నవ్వు దాచుకోవడానికి దువ్వెన వెతుక్కుంది.

కిర్క్‌లాండ్ లేక్‌లో రాళ్లు నాకేవాళ్లు కొత్తేమీ కాదు. బంగారం మీద పుట్టిన ఊరు మాది. ఆర్వో బ్లూ కెటిల్ అనే చిన్న కంపెనీలో పనిచేస్తున్నాడు. ఉత్తరాన అడవిలో డ్రిల్లు వేస్తే పైకొచ్చే రాతిని చూసి వివరాలు రాయడం అతని పని. ఆ కంపెనీ షేరు పదకొండు సెంట్లు. బంగారం పడితే డాలరు దాటుతుంది, పడకపోతే చిత్తుకాగితం.

మరుసటి శనివారం ఆర్వో మళ్లీ వచ్చాడు.

"పోయిన వారమే కదా కత్తిరించాను?"

"నాకు తొందరగా పెరుగుతుందండీ."

"జుట్టా, గడ్డా?"

ఊరికి కళ్లున్నాయి, అంతకన్నా పెద్ద నోరుంది. "ఏడాదికోసారి తల దువ్వుకునే ఆర్వో వారం వారం క్షవరం చేయించుకుంటున్నాడంటే ఊరికే కాదు, బంగారం పడే ఉంటుంది. పేపర్లో ఫొటో పడాలిగా మరి," అని పోస్టాఫీసులో ఎవరో అన్నారు. సాయంత్రానికి ఆ మాటే అందరి నోటా ఉంది. వారం తిరిగేసరికి షేరు పంతొమ్మిది సెంట్లయింది.

సొలాంజ్ దగ్గర పద్దెనిమిది వేల డాలర్లున్నాయి. ఎనిమిదేళ్లు నిలబడి, కాళ్లు వాచి కూడబెట్టుకున్నవి. సెలూన్ యజమానురాలు ఒడెట్ దుకాణం అమ్మేస్తానంటోంది, ముప్పై వేలకు. అది తనదైతే చాలని సొలాంజ్ ఆశ. తక్కువపడ్డ డబ్బు బ్లూ కెటిలే తెచ్చిపెడుతుందని కుర్చీలో కూర్చున్న ప్రతివాళ్లూ చెబుతున్నారు. పెడితే దుకాణం రావచ్చు, ఎనిమిదేళ్ల కష్టం పోనూవచ్చు. ఆమెకు నిద్ర పట్టడం లేదు.

"నిజం చెప్పు ఆర్వో," అంది మూడో శనివారం. అప్పటికి 'మీరు' కాస్తా 'నువ్వు' అయింది. "కొనమంటావా?"

"ఆ సంగతి నేను మాట్లాడకూడదు. ఫలితాలు బయటపెట్టేలోగా నోరు జారితే జైలే."

"నోటితో వద్దులే. తల ఊపు చాలు."

"చెవి దగ్గర కత్తెర పెట్టుకుని తల ఊపమంటావేంటి?"

"మౌనం అర్ధాంగీకారం అంటారు."

ఆర్వో పెదవులు బిగించుకున్నాడు. సొలాంజ్ దాన్ని సగం ఔను కింద జమకట్టుకుంది.

నాలుగో శనివారం వాన. ఆర్వో తడిసి ముద్దయి వచ్చాడు. అతని తల కోత కోసిన పొలంలా ఉంది.

"ఇంకేం మిగిలిందని కత్తిరించను? కనుబొమలా?"

"చివర్లు కాస్త సర్దు, చాలు."

ఆమె అతని మెడకు గుడ్డ కట్టింది. "నీకే ముందు చెబుతున్నా. సోమవారం మొత్తం పెట్టేస్తున్నా. పద్దెనిమిది వేలూ."

ఆర్వో గుడ్డతోనే లేచి నిలబడ్డాడు. "మొత్తమా? ఏం చూసి?"

"నీ జుట్టు చూసి. ఊరంతా అది చూసే కొంటోంది."

అతని ముఖంలో నెత్తురు లేదు.

"చూడు సొలాంజ్. రాళ్ల గురించి ఒక్క ముక్క చెప్పను. ఉందనీ చెప్పను, లేదనీ చెప్పను. క్షవరం గురించి మాత్రం చెప్పొచ్చు, దానికి ఏ చట్టమూ అడ్డు రాదు."

"చెప్పు మరి."

"మొదటిసారి జుట్టు కోసం వచ్చాను. తర్వాతవన్నీ నీ కోసం. నా తల పట్టుకుని 'కదిలావో చూడు' అంటావే, అది వినడానికి. ఆ మాట చెప్పే ధైర్యం లేక వారం వారం గుండు దాకా తెచ్చుకున్నాను. నా పిరికితనాన్ని నమ్మి నీ కష్టమంతా అడవిలో పోస్తావా?"

సొలాంజ్ కత్తెర పక్కన పెట్టేసింది. పట్టరానంత సంతోషం వేసింది, అంతే భయమూ వేసింది. ఒక మగవాడి సిగ్గును బంగారం అనుకుని ఎనిమిదేళ్లు పణంగా పెట్టబోయింది.

"అయితే నా దుకాణం మాటేంటి?" అంది, ఏడుపు గొంతుతో.

డ్రయ్యర్ కింద కూర్చున్న ఒడెట్ తల బయటపెట్టింది. "ఏ దుకాణం? ఇదా? నీకు కావాలా?"

"కావాలి పిన్నీ. పద్దెనిమిది వేలే ఉన్నాయి."

"పిచ్చి మొద్దూ, మిగతాది నెలనెలా ఇద్దువుగాని. నువ్వు నోరెత్తకపోతే అక్కర్లేదేమో అనుకున్నా. ఇంకో వారమైతే వేరేవాళ్లకి మాటిచ్చేదాన్ని." ఒడెట్ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "మూగవాళ్లకి మూగవాళ్లు బాగానే దొరికారు."

సోమవారం సొలాంజ్ పద్దెనిమిది వేలూ ఒడెట్ చేతిలో పెట్టింది. ఆ వారం టిప్పుల్లోంచి వంద డాలర్లు మాత్రం బ్లూ కెటిల్లో వేసింది, పోయినా ఏడుపు రానంత.

నెల తిరక్కుండా ఫలితాలు వచ్చాయి. బంగారం ఉందిట, తవ్వితే ఖర్చులు కూడా రానంత. షేరు నాలుగు సెంట్లకు జారింది. ఊళ్లో చాలామందికి కత్తెర లేకుండానే క్షవరమైంది.

"నీ తలను నమ్ముకుని మునిగాం కదయ్యా," అని పోస్టాఫీసులో ఆర్వోను నిలదీశారు.

"ఆ తల ఇప్పుడు నాది. ఏమన్నా ఉంటే నాతో చెప్పండి," అంది పక్కనున్న సొలాంజ్. "నా వంద కూడా పోయింది. రండి, ఈ నెలంతా సగం రేటుకే కత్తిరిస్తా."

ఆ శనివారం ఆర్వో వచ్చేసరికి తలుపు మీద కొత్త బోర్డుంది, సొలాంజ్ పేరుతో.

"ఇప్పుడు చెప్పొచ్చుగా," అంది ఆమె. "మొదటిరోజు నాకావే, ఆ రాయిలో ఏముంది?"

"ఏమీ లేదు. ఒక పచ్చగీత, అంతే."

అతను రాయి తీసి ఇచ్చాడు. బూడిదరంగులో ఉంది, గీత జాడ లేదు. సొలాంజ్ కుళాయి వైపు చూసి, మళ్లీ అతన్ని చూసి, రాయిని నోట్లో వేసుకుంది.

"ఛీ, ఎంగిలి రాయి," అంది ఒడెట్ మూలనుంచి.

ఆర్వో ఇదే అదను అనుకున్నాడు. "సొలాంజ్, నన్ను పెళ్లి చేసుకుంటావా?"

ఆమె నోట్లో రాయి ఉంది. మాట రాలేదు.

"మౌనం అర్ధాంగీకారం," అన్నాడు ఆర్వో.

సొలాంజ్ రాయి తీసి అతని అరచేతిలో పెట్టింది. తడికి పచ్చగీత మెరుస్తోంది.

"మిగతా సగం కూడా తీసుకో," అంది. "ఔను. ఇక కూర్చో, కదిలావో చూడు."