గారెల సంఘం

"పదకొండు మందికి సరిపోవాలని పొద్దుగాల్నే లేచి బెబ్బర్లు రుబ్బిన. ఇప్పుడు గారెలు అడగలేదంటే ఎట్ల?"

ఉందానగర్ స్టేషన్ బయట, రెండు ఎడ్లబండ్ల ముందు నిలబడి, కొంగు నడుముకు బిగించి ఒక అమ్మాయి మమ్మల్ని నిలదీసింది. చంకలో పెద్ద గంప. కాచిగూడలో చీకటితో రైలెక్కి, చాయ్ చుక్క తప్ప ఏమీ ఎరగని మా పదకొండు ముక్కులూ ఆ గంప వైపే తిరిగాయి.

"వద్దని ఎవలన్నరు? మేము రాయలేదంటున్న, గంతే," అన్నాను.

"రాయలేదా? మరి గిదేంది?"

రొంటిలోంచి ఒక కార్డు తీసి నా ముఖం ముందు ఆడించింది. నా చేతిరాతే. 'మేము పదకొండు మందిమి శుక్రవారం నాడు గార్ల కోసం వస్తున్నము. రెండు బండ్లు కిరాయికి కావలెను.'

సంగతేమిటంటే, మాది గుహలు తిరిగే సంఘం. శుక్రవారం సెలవు దొరికితే చాలు, తాళ్ళూ కందిళ్ళూ పట్టుకుని ఏదో ఒక గుట్టలో దూరి, మోకాళ్ళు గీరుకుని, బట్టల నిండా మట్టితో ఇంటికి వచ్చి తిట్లు తినడం మా సరదా. మా సెక్రటరీ ఎజాజ్ భాయ్ ఉర్దూ మనిషి. ఆయన నోట గుహ అన్న మాట ఎప్పుడూ 'గార్' అనే వస్తుంది. కార్డు రాసే పని నాది కాబట్టి, ఆ మాటనే తీసుకుపోయి తెలుగులో పెట్టేశాను.

"గార్ అంటే గుహ. నువ్వు చదువుడే తప్పు," అన్నాను గంభీరంగా.

"గారెకు ఎత్వం పెట్టుడు రానోడు నా సదువుకు పేరు పెడుతున్నడు! నువ్వు రాసుడే తప్పు."

మావాళ్ళు పకపకా నవ్వారు. ఎజాజ్ భాయ్ అయితే అప్పటికే రెండో గారె తింటున్నాడు. "అరె మల్లేశ్, జర చుప్ బైఠో," అన్నాడు నోటి నిండా పెట్టుకుని. "బేటీ చెప్పిందే సహీ. మనం దీని కోసమే వచ్చినం."

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయిన మరుసటి ఏడు, ఫాల్గుణ మాసంలో జరిగిన ముచ్చట ఇది. ఆ రోజు నుంచి ఆ స్టేషన్ ఉన్న శంషాబాద్‌లో మా పేరు గారెల సంఘం. ఆ అమ్మాయి పేరు శివమ్మ. బండ్ల బిక్షం గారి ఒక్కగానొక్క బిడ్డ. కొడుకులు లేరు కాబట్టి రెండో బండి ఆమే తోలేది. మహేశ్వరంలో మేనమామ దగ్గర చదువు నేర్చిందట. ఆ చదువుకు ఎవరైనా వంక పెడితే ఊరుకోదని ఆ పొద్దున నాకు బాగానే తెలిసొచ్చింది.

మేం వెళ్ళిన చోటు గబ్బిలాల గుండు. స్టేషన్‌కు రెండు కోసుల దూరంలో, పెద్ద పెద్ద బండలు ఒకదాని మీద ఒకటి పడి, వాటి కింద సందులు సందులుగా ఏర్పడిన గుహ. దాని నక్షా గీయడం నా పని. సర్వే ఆఫీసులో నక్షాలు గీసే కొలువు నాది. అందుకే సంఘం నన్ను నెత్తిన పెట్టుకుంది. నక్షా పూర్తయితే ఆ గుహ పని అయిపోయినట్టు. సంఘం ఇంకో గుట్టకు మారుతుంది.

ఆ మొదటి రోజే పెద్ద పరేషాన్ అయింది. సాయంత్రం బయటికి వచ్చాక ఎజాజ్ భాయ్ మమ్మల్ని మూడుసార్లు లెక్కపెట్టాడు. మూడుసార్లూ మూడు రకాలుగా వచ్చాం.

గుహ ముందు సామాన్ల దగ్గర కూర్చున్న శివమ్మ తల కొట్టుకుంది. తర్వాతి నెల మేం వెళ్ళేసరికి గుహ మూతి దగ్గర ఒక మట్టి ముంత, ఆమె ఒళ్ళో గుప్పెడు చింతగింజలు.

"లోపలికి పోయేటోడు గింజ ముంతల వెయ్యాలె. బయటికి ఎల్లినోడు తన గింజ తానే తియ్యాలె. ఒకని గింజ ఇంకొకడు ముట్టద్దు. ముంత వట్టిగైతేనే బండి కదుల్తది."

"నువ్వు లోపలికి రావా?" అని అడిగాను, గింజ వేస్తూ.

"నాకు చీకటి సయించదు. నేను ఈడనే ఉంట."

"మరి నేను లోపలనే ఉండిపోతే?"

"ముంత చెప్తది," అంది తలెత్తకుండా. తలెత్తలేదు గానీ, చెంప మీద ఒక చిన్న గుంట పడింది. నేను సర్వే మనిషిని. గుంటలు నా కంటికి ఊరికే దాటిపోవు.

ఇక అక్కడి నుంచి నా నక్షా నత్తనడక పట్టింది. మూడో మలుపు దగ్గర కొలత సరిగ్గా రాలేదన్నాను. తర్వాతి నెల టేపు సాగిందన్నాను. జ్యేష్ఠం వచ్చేసరికి నాలుగో రాకడ. గ్యాస్‌నూనె దొరకడమే కష్టంగా ఉన్న రోజుల్లో, ఆ ఒక్క మలుపు కోసం ఎన్ని కందిళ్ళ నూనె తగలేశానో నాకే తెలుసు.

రైల్లో ఎజాజ్ భాయ్ తేల్చి చెప్పేశాడు. "మల్లేశ్, ఈ రోజు నక్షా ఖతం కావాలె. వచ్చే నెల వికారాబాద్ దిక్కు పోతున్నం. టికెట్లు, బండ్లు, అంతా మాట్లాడేసిన."

నక్షా ఎప్పుడో ఖతమైంది, నా సంచిలో మడిచి ఉంది. శివమ్మతో అసలు మాట మాత్రం ఇంకా మొదలే పెట్టలేదు. ఈ రోజు చెప్పకపోతే ఇంకో రోజు లేదు.

చెబుదామనే పోయాను. గింజ వేసేటప్పుడు గొంతు సవరించుకున్నాను.

"ఏంది?" అంది.

"ఏం లేదు. మబ్బు పడుతున్నది."

"కండ్లున్నయి నాకు," అంది శివమ్మ.

మధ్యాహ్నం దాటాక పడింది వాన. తొలకరి వాన, తొందర ఎక్కువ. బండల సందుల్లోంచి గుహలోకి నీళ్ళు జారడం మొదలుపెట్టగానే ఎజాజ్ భాయ్ కేక వేశాడు. అందరం పడుతూ లేస్తూ బయటపడ్డాం, మావాళ్ళు బండి చాటుకు ఉరికారు. శివమ్మ అటు తిరిగి అన్నం గంపల మీద తాటిపత్రి కప్పుతోంది. సరిగ్గా అప్పుడే ఉరుముకు బెదిరి ఆమె ఎడ్లు పలుపు తెంపుకుని చేలకు అడ్డం పడ్డాయి. బిక్షం గారు రెండో బండితో కింద దారిలో ఉన్నారు. నేను ముందూ వెనకా చూడకుండా ఎడ్ల వెంట పరుగెత్తాను.

ఎడ్లను పట్టడం ఆఫీసులో గీత గీసినట్టు కాదని అప్పుడు తెలిసింది. రెండుసార్లు బురదలో పడ్డాను. ఎలాగో వాటిని మళ్ళించి, మెచ్చుకుంటుందేమోనని ఆశపడుతూ గుట్ట దగ్గరికి తోలుకొచ్చాను.

శివమ్మ లేదు. ముంత ఉంది.

ముంతలో ఒక చింతగింజ. దాని పక్కన ఒక ఆకుపచ్చ గాజు.

జేబు తడుముకున్నాను. నా గింజ నేను తియ్యలేదు.

"నువ్వు బయటున్నవా?" తాడు భుజాన వేసుకుని బండి దగ్గర నుంచి ఉరికొస్తున్న ఎజాజ్ భాయ్ నన్ను చూసి ఆగిపోయాడు. "యా అల్లా! ఒక గింజ మిగిలిందని, నువ్వు లోపలనే ఉన్నవని అన్నది. తాడు తెస్త, ఆగు బేటీ అంటె ఆగలె. కందిలి పట్టుకొని పోయింది!"

చీకటి సయించని మనిషి. తన నియమం తనకూ వర్తిస్తుందని, చేతిలో గింజ లేక గాజు తీసి వేసి మరీ పోయింది. నాకు ఏడుపొచ్చింది. తాడు నడుముకు కట్టుకుని లోపలికి దూరాను.

నీళ్ళు చీలమండలు దాటాయి. ఎక్కడ వెతకాలో ఆలోచించే పని లేకపోయింది. మూడో మలుపు దగ్గర కందిలి వెలుతురు వణుకుతోంది.

"మల్లేశూ! ఓ మల్లేశూ!"

నాలుగు నెలల్లో నన్ను ఆమె పేరు పెట్టి పిలవడం అదే మొదలు.

"వస్తున్న! ఆడనే నిలబడు!"

వెనక నుంచి నా గొంతు వినపడేసరికి ఉలిక్కిపడి తిరిగింది. నన్ను పైనుంచి కింది దాకా చూసింది. బురద, బురద మీద గడ్డి.

"నువ్వు... బయటికెల్లి వస్తున్నవా?"

"నీ ఎడ్లు తెంపుకున్నయి. పట్టుకొద్దామని..."

"గింజ ఎందుకు తియ్యలె?" అరిచింది. గబ్బిలాలు లేచాయి. ఆమె దడుచుకుని నా చెయ్యి పట్టుకుంది, పట్టుకుని మళ్ళీ తిట్టింది. "ముంతల గింజ చూసి నా పానం పోయింది తెలుసా? ఎడ్లు పోతే పోతయి! నువ్వు పోతే?"

నేను ఆమె చేతిలోని కందిలి అందుకున్నాను.

"ఇంత గుహల సీదా ఈడికే ఎట్లొచ్చినవు?" అన్నాను మెల్లగా.

"పదిహేను గజాలు," అంది, కళ్ళు తుడుచుకుంటూ. "నాలుగు నెలల సంది లోపల్నుంచి గదే ఒర్రుతున్నవు, బయటికి ఇనబడుతది. మూడో మలుపు, పదిహేను గజాలు. ఒక్కసారి కూడ పదారు కాలె. నాకు లెక్క రాదనుకున్నవా?"

దొరికిపోయాను. దొరికిపోయినవాడికి దాచేదేముంటుంది?

"నక్షా ఎప్పుడో అయిపోయింది శివమ్మా. ఇచ్చేస్తే మళ్ళ ఈడికి రానియ్యరు. నాకు నిన్ను చూడకుంట నెల గడవది. ఈ రోజు చెప్దామనే వచ్చిన."

"చెప్పినవు గద, మబ్బు పడుతున్నదని."

"భయమైంది."

"గింత చీకట్ల నేనొచ్చిన. నీకు భయమైందా?" అంది. చెంప మీద గుంట మళ్ళీ కనిపించింది. "పా, నీళ్ళు పెరుగుతున్నయి. చెయ్యి ఇడువకు."

నేను విడవలేదు.

బయట గుహ మూతి దగ్గర బిక్షం గారు నిలబడి ఉన్నారు. ఆయన మా చేతుల వంక చూశారు. ఇద్దరం గబుక్కున విడిపించుకున్నాం. శివమ్మ వంగి గాజు తీసుకుంది. నేను నా గింజ తీసుకున్నాను. ముంత ఖాళీ అయింది.

"నీది ఏ ఊరు పిలగా?" అన్నారాయన.

"పట్నంలనే కాకా. మా అమ్మది కొత్తూరు. కొండమ్మ అంటరు."

"కొత్తూరు బాలమల్లు బిడ్డ కొండమ్మనా?" ఆయన కనుబొమలు పైకి లేచాయి. "మనోళ్ళేనా! గా మాట నాలుగు నెలల సంది చెప్పకపోతివి." ఎడ్ల వైపు ఒకసారి, నా బట్టల వైపు ఒకసారి చూశారు. "సరే, బండెక్కు. రైలు పోతది."

రైల్లో నక్షా తీసి ఎజాజ్ భాయ్ చేతిలో పెట్టాను. ఆయన దాన్ని విప్పి, తారీకు చూసి, చైత్ర మాసంలోనే పూర్తయిందని గ్రహించి, నా వీపు మీద ఒక్కటి చరిచాడు. వారం గడిచింది. రెండో వారం గడిచింది. నేను ఆఫీసులో గీసిన గీతలన్నీ వంకర పోయాయి. మా చేతులు చూసి కూడా బిక్షం గారు ఎందుకు ఊరుకున్నారో, శివమ్మ ఆయనతో ఏం చెప్పిందో, అసలు చెప్పిందో లేదో తెలియక తిండి సయించలేదు.

మూడో వారం కార్డు వచ్చింది. గుండ్రటి అక్షరాలు.

'మా బాపు రాయమన్నడు. మీ అమ్మను తోలుకొని శుక్రవారం రావలెను. గారెల కోసం. ఎత్వం పెట్టిన, చూసుకో.'

ఆ శుక్రవారం అమ్మతో కాచిగూడ స్టేషన్‌కు వెళ్తే, ప్లాట్‌ఫారం మీద మా సంఘం అంతా బారులు తీరి నిలబడి ఉంది. ఎజాజ్ భాయ్ ఇస్త్రీ షేర్వాణీలో మెరిసిపోతున్నాడు.

"వికారాబాద్ పోతలేరా?" అన్నాను.

"గారెల సంఘం వికారాబాద్ ఎందుకు పోతది భాయ్?" అన్నాడు ఆయన, మా అమ్మ చేతిలోని సంచి అందుకుంటూ.

శంషాబాద్‌లో బిక్షం గారి ఇంటి ముందు అందరూ కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళారు. అమ్మను ఆయన స్వయంగా ఎదురొచ్చి తీసుకుపోయారు. నేను చివర మిగిలాను. గడపలో శివమ్మ నిలబడి ఉంది, చేతిలో అదే ముంత.

"లోపలికి పోయేటోడు గింజ వెయ్యాలె," అంది.

నా గింజ జేబులోనే ఉంది. తీసి వేశాను. ముంతలో టక్కుమంది.

"పోయేటప్పుడు యాది మరువకుంట తీసుకుంటవా?"

"ఇగ తియ్యను," అన్నాను. "గది ఈడనే ఉంటది."

ఆమె ముంతను కొంగు చాటున పెట్టుకుని, నాకు దారి ఇచ్చింది.