మిగిలిన ఆరు వేలు

ఆ పెంపుడు జంతువుల ఆసుపత్రిలో అందరికంటే ఎక్కువ తిట్లు తినేది ఆమె. సూది గుచ్చేది డాక్టరమ్మ, కట్టు కట్టేది కాంపౌండర్ బాబాయ్. కుక్కనో పిల్లినో గుండెకి హత్తుకుని పరుగెత్తుకొచ్చినవాళ్లు తిట్టేది మాత్రం ఎస్టిమేట్ అమ్మాయిని. వైద్యం మొదలుపెట్టేలోపు ఎంతవుతుందో కాగితం మీద వేసి, చదివి వినిపించి, సంతకం పెట్టించుకోవడం ఆమె ఉద్యోగం. లోపల మూగజీవి ప్రాణం కోసం కొట్టుకుంటుంటే బయట అంకెలు చదివే మనిషిని ఎవరు మాత్రం ముద్దు చేస్తారు?

ఆ కౌంటర్లో ఒక మాట నిషిద్ధం. 'మనం' అనకూడదు. 'మేం చేస్తాం, మీరు కట్టాలి' అనాలి. ఆమెకంటే ముందు పనిచేసినాయన ఒక చిలక యజమానిని ఓదార్చబోయి 'మనం కట్టేద్దాం లెండి' అని నోరు జారాడట. ఆ యజమాని సగం బిల్లు ఆసుపత్రి నెత్తిన పెట్టి చిలకతో సహా ఎగిరిపోయాడు. ఆ రోజు నుంచి డాక్టరమ్మ ఆ మాటని గుమ్మం తొక్కనివ్వలేదు.

ఒక మధ్యాహ్నం వాన దంచికొడుతుంటే సైకిల్ మెకానిక్ ఒకతను భుజంతో తలుపు తోసుకుని వచ్చాడు. మోచేతుల దాకా గ్రీజు. చేతుల్లో నీళ్లోడుతున్న గోధుమరంగు కుక్క.

"మేడమ్, మా మేనేజర్‌ని కాపాడండి!"

ఆమె అతని వెనక్కి చూసింది. ఎవరూ లేరు.

"మేనేజర్ ఏరండీ?"

"వీడేనండీ. పొద్దస్తమానం షాపు ముందు కూర్చుని, పనిచేసేవాళ్లని చూస్తుంటాడు. అందుకే ఆ పేరు. ట్యూబు ముక్క మింగేశాడు."

నవ్వొచ్చే సమయం కాదు కాబట్టి ఆమె నవ్వు మింగేసింది. ఎక్స్‌రేలో ట్యూబు ముక్క పేగులో అడ్డం పడి కనిపించింది. వెంటనే ఆపరేషన్ చేయాలంది డాక్టరమ్మ. ఆమె కాగితం తీసి చదివింది. ఎక్స్‌రే, మత్తు, ఆపరేషన్, మందులు, మూడు రోజులు ఇక్కడ ఉంచడం, అన్నీ కలిపి నలభై రెండు వేలు.

"ఎంతా?"

"నలభై రెండు వేలండీ."

"నా షాపులో సైకిళ్లన్నీ అమ్మినా అంత రాదు. అయినా మీకు మనసుందా అండీ? ఇక్కడ వాడు ప్రాణం మీదికొచ్చి పడుంటే మీరు తాపీగా రేట్లు చదువుతున్నారు!"

తాపీగా చదవకపోతే తన గొంతే వణుకుతుందని ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదామె. అలాంటప్పుడు చెప్పాల్సిన జవాబులు నాలుగున్నాయి. అవి ఆమెకి కంఠతా వచ్చు. కానీ అతను తిట్టినవాడల్లా పక్కకి తిరిగి, బల్ల మీద పడుకోబెట్టిన కుక్క చెవి పట్టుకుని "నేనున్నాన్రా" అన్నాడు. ఆ మాట విన్నాక నాలుగు జవాబుల్లో ఒక్కటీ ఆమె నోటికి రాలేదు.

"భయపడకండి. మనం చూసుకుందాం," అంది.

అతను వెంటనే సంతకం పెట్టేశాడు. జేబులో ఉన్నదీ, అప్పటికప్పుడు స్నేహితుణ్ణి అడిగి తెప్పించిందీ కలిపి పన్నెండు వేలు కట్టాడు.

మూడో రోజు మేనేజర్ లేచి తోకాడించాడు. ఆమె మిగతా ముప్ఫై వేల కాగితం అతని ముందు పెట్టింది.

"ఇదేంటండీ? మనం చూసుకుందాం అన్నారుగా?"

"అంటే... వైద్యం సంగతండీ."

"మనం అంటే నేనూ, మీరూ. నా వంతు నేను కట్టాను. ఆ ధైర్యంతోనే సంతకం పెట్టాను."

హాల్లో కూర్చున్నవాళ్లు నవ్వారు. బుట్టలో పిల్లి కూడా తొంగిచూసింది. ఆమె ముఖం కందగడ్డయింది. ఈ గొడవకి డాక్టరమ్మ బయటికొచ్చింది.

"ఆ మాట అన్నావా, అమ్మాయ్?"

"అన్నాను మేడమ్."

"అయితే మిగతాది నీ జీతంలోంచే కోస్తాను. లేకపోతే రేపు ఇంకొకరంటారు."

అతని ముఖంలో నవ్వు పోయింది. "వద్దు డాక్టర్ గారూ. ఆవిడ మంచిమాట చెబితే నేనే తప్పుగా అర్థం చేసుకున్నాను. నా కుక్క, నా బాకీ. వారానికి పదిహేను వందలు, ప్రతి శనివారం తెచ్చిస్తాను."

అలా శనివారాలు మొదలయ్యాయి.

మొదటి నెల మేనేజర్ కూడా వచ్చేవాడు. కుట్లు చూపించుకుని, కౌంటర్ కింద పడుకునేవాడు. తర్వాత అతనొక్కడే రావడం మొదలుపెట్టాడు.

"మేనేజర్ గారు రాలేదే?"

"పని ఒత్తిడండీ. నిద్రకే టైము చాలట్లేదు."

ఆమె రసీదు రాసేది. ఒక్క రసీదు రాయడానికి అంతసేపు ఎందుకు పడుతోందో కాంపౌండర్ బాబాయ్‌కి తప్ప ఎవరికీ అనుమానం రాలేదు.

"నాకొక సందేహం మేడమ్. కుక్క కడుపుకి అంత రేటేంటి?"

"మనుషులకి వాడే మత్తే, మనుషులకి వాడే దారమే. పైగా మీ మేనేజర్ నొప్పెక్కడో చెప్పడుగా? అన్ని పరీక్షలూ చేసి మేమే కనుక్కోవాలి."

"మనుషులు మాత్రం చెబుతారా ఏంటి?" అన్నాడతను, రసీదు మడతపెడుతూ.

ఆ మాట ఆమెని వారమంతా వదల్లేదు. శుక్రవారం రాగానే మంచి చీరకి ఇస్త్రీ చేసుకునేది. "శనివారం శనివారం అద్దం అరిగిపోతోందే!" అనేది వాళ్లమ్మ. బాకీ తగ్గుతున్న కొద్దీ ఆమెకి బెంగ పెరిగింది. ఇరవై వేలున్నప్పుడు ధీమాగా ఉండేది. పది వేలకి దిగాక అన్నం సహించడం మానేసింది. బాకీ తీరిపోతే అతనికి ఇక్కడ పనేముంది? లోకంలో ఇంకెవరైనా ఎదుటివాడి అప్పు తీరకూడదని మొక్కుకుంటారా అని తనని తనే తిట్టుకునేది.

పదహారు శనివారాలు గడిచాయి. ఇంకా ఆరు వేలు మిగిలాయి.

సోమవారం డాక్టరమ్మ పుస్తకం తిరగేసి, "ఒక్క వారం కూడా తప్పలేదే ఇతను! మిగతా ఆరు వేలు కొట్టెయ్. ఫోన్ చేసి చెప్పు, పాపం సంతోషిస్తాడు," అంది.

"అలాగే మేడమ్," అందామె.

ఫోన్ చేతిలోకి తీసుకుంది. నంబరు చూడకుండానే వచ్చు. చెబితే థాంక్స్ అంటాడు, ఉంటానండీ అంటాడు, అంతే. శనివారం ఎలాగూ వస్తాడుగా, ఎదురుగానే చెబుదాం, ఒక్కసారైనా ఎక్కువ చూడొచ్చు అనుకుంది. ఫోన్ పెట్టేసింది.

ఆ శనివారం అతను రాలేదు.

తలుపు చప్పుడైనప్పుడల్లా తలెత్తింది. కుందేలొచ్చింది, రెండు పిల్లులొచ్చాయి, తాబేలుని తొట్టెలో పెట్టుకుని ఒక తాతగారొచ్చారు. సాయంత్రం బాబాయ్ తాళం వేస్తూ, "వాన కదమ్మా, అందుకే రాలేదేమో," అన్నాడు. బయట చినుకు లేదు.

తర్వాతి శనివారమూ రాలేదు. ఫోన్ చేయడానికి ఇప్పుడు ఇంకా భయమేసింది. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటే ఏం చెప్పాలి? అతన్ని చూడాలని మనసు కొట్టుకుపోయింది. ఇంతకాలం బాకీ వసూలు చేసుకుంటూ కూర్చున్నాననుకుంది గానీ, తన ప్రాణమే అతని దగ్గర చిక్కుకుపోయిందని ఆ రెండు వారాల్లో తెలిసింది.

మూడో శనివారం మధ్యాహ్నం వచ్చాడు. మనిషి చిక్కిపోయాడు. కళ్లు లోపలికి పోయాయి. ఆరు వేలూ ఒకేసారి కౌంటర్ మీద పెట్టాడు.

"మొత్తం తీరిపోయింది మేడమ్. లెక్క చూసుకోండి."

ఆమెకి ఒళ్లు మండింది. "అంత తొందరేంటండీ? మేమేమైనా తరిమామా? రెండు వారాలు అజాపజా లేకుండా పోయి..."

"ఊరవతల స్కూలుకి నూటయాభై సైకిళ్లొచ్చాయి. బిగించే పని. శని, ఆదివారాలు అక్కడే ఉన్నాను."

"నిదానంగా ఇవ్వొచ్చుగా!"

"ఇవ్వొచ్చు. కానీ మిమ్మల్నొకటి అడగాలి. బాకీ ఉన్నవాడు అడిగితే, బాకీ ఎగ్గొట్టడానికి అడిగినట్టుంటుంది. అందుకే ముందు ఇది తీర్చేశాను."

ఆమె రసీదు పుస్తకం మూసేసింది.

"ఆగండి. ముందు నేనొకటి చెప్పాలి. విన్నాక కూడా అడగాలనిపిస్తేనే అడగండి." డబ్బుని అతనివైపు నెట్టింది. "ఈ ఆరు వేలు డాక్టరమ్మ ఎప్పుడో కొట్టేశారు. మీరు రాని మొదటి శనివారానికి ముందే. మీకు ఫోన్ చేయమన్నారు. నేను చేయలేదు."

"మర్చిపోయారా?"

"లేదు. రోజూ గుర్తొచ్చింది."

అతను కౌంటర్ మీది నోట్లకేసి చూశాడు.

"నూటయాభై సైకిళ్లు మేడమ్."

"తెలుసు."

"నడుం పడిపోయింది."

"తిట్టండి. పడతాను."

"ఎందుకు చేయలేదు?"

"చేస్తే థాంక్స్ చెప్పి ఊరుకుంటారు. ఇంకెప్పుడూ ఆ తలుపు తోసుకుని రారు. మిమ్మల్ని చూడకుండా ఉండలేననిపించింది. తప్పే. కానీ అదే నిజం."

అతను డబ్బు తీసి జేబులో పెట్టుకున్నాడు. "అయితే ఇంక నేను అడిగేదేం లేదు."

ఆమె ముఖం పాలిపోయింది. "అంతేనా?"

"జవాబు ముందే ఇచ్చేశారు కదండీ. ఇంకేం అడగను?"

అర్థం కావడానికి ఆమెకి రెండు క్షణాలు పట్టింది. అతను నవ్వు ఆపుకోలేక పెదవి కొరుక్కుంటున్నాడు.

"అదేం కుదరదు," అంది. "అడగండి. పూర్తిగా, వరసగా అడగండి. ఇన్ని నెలలు ఎదురుచూసింది సగం మాటలు వినడానికి కాదు."

అతను చేతులు ప్యాంటుకి తుడుచుకుని, గొంతు సవరించుకుని, పూర్తిగా అడిగాడు. ఆమె ఊఁ అని, అందరూ చూస్తుండగానే ముఖం చేతుల్లో దాచుకుని ఏడ్చేసింది.