మీ నాన్నతో చెప్పు

"మీ నాన్నతో చెప్పు, టీ చల్లారిపోతోందని."

అమ్మ కుట్టుమిషను ఆపకుండానే అంది. మూడో తరగతి చదివే బుడ్డి, సగం అల్లిన జడతో ముందుగదిలోకి పరిగెత్తింది. లిఫ్టులు బాగుచేసే నాన్న, పనిముట్ల సంచీ సర్దుకుంటున్నాడు.

"ఆవిడ మొహం చూస్తూ తాగితే టీ అయినా ఒకటే, విషమైనా ఒకటే. అక్కర్లేదని చెప్పు."

బుడ్డి తిరిగొచ్చింది. "నాన్నకి టైమైపోయిందటమ్మా."

నాలుగు నెలలుగా ఆ ఇంట్లో ఇదే భాగోతం. బంధువుల పెళ్ళిలో నలుగురి ముందు ఆమె అతన్ని చేతకానివాడంది. అతను మాట మానేశాడు. ఆమె ఏమైనా తక్కువ తిందా? ఆమె కూడా మానేసింది. ఇద్దరి పంతాలూ మొయ్యడానికి ఎనిమిదేళ్ళ పిల్ల దొరికింది!

పదకొండింటికి స్కూలు నుంచి ఇద్దరికీ ఫోనొచ్చింది. టీచరు గదిలో మూడు కుర్చీలు వేశారు. మధ్యదాంట్లో బుడ్డి.

"పక్కపిల్ల చెయ్యి రక్తం వచ్చేలా కొరికిందండీ. పోయిన వారం పెన్సిలు గుచ్చింది. ఇంకోసారైతే స్కూల్లో ఉంచుకోలేం," అంది టీచరు.

అమ్మ బుడ్డి వైపు తిరిగింది. "మీ నాన్ననడుగు, ఈ పొగరు ఎవరి పోలికో."

"మీ అమ్మతో చెప్పు, ఇంట్లో చూసిందే పిల్ల నేర్చుకుంటుందని."

టీచరు చేతిలో పెన్ను పక్కన పెట్టేసింది. "పక్కపక్కనే కూర్చుని పిల్లతో చెప్పిస్తారేమిటండీ?"

టీచరు బుడ్డిని దగ్గరికి తీసుకుంది. "ఎందుకు కొరికావమ్మా?"

"నా ఫ్రెండ్సిద్దరూ మాట్లాడుకోవట్లేదు టీచర్. నాతోనే చెప్పిస్తారు. మంచిగా మార్చి చెబితే అబద్ధాలకోరన్నారు. ఉన్నదున్నట్టు చెబితే చాడీల డబ్బా అన్నారు. క్లాసంతా బల్లలు బాదుతూ అదే అంటున్నారు. ఆపమన్నాను. ఆపలేదు."

"మార్చి చెప్పడమేమిటే?" అంది అమ్మ.

"ఇంట్లో మార్చే చెబుతాను కదా! పొద్దున నాన్న టైమైందనలేదు. నీ మొహం చూస్తూ తాగితే విషమన్నాడు. నిన్న నువ్వు, ఆ మనిషి ఇంటికి రాకపోతే పీడా పోతుందన్నావు. నేను జాగ్రత్తగా రమ్మన్నావని చెప్పాను."

నాన్న తలెత్తలేకపోయాడు. ఆ మాట పట్టుకునే నిన్న గంట ముందు ఇల్లు చేరాడు. నాలుగు నెలలు ఇద్దరూ పిల్ల అబద్ధాల మీద కాపురం చేశారు.

టీచరు ఆ రోజుకి ఇంటికి తీసుకెళ్ళమంది. గేటు బయట ఎండ మాడ్చేస్తోంది. అతను నాలుగు నెలల తర్వాత తిన్నగా భార్య మొహంలోకి చూశాడు.

"ఆటోలో వెళ్దామా?"

ఆమె చూపు తిప్పుకుని బుడ్డి బ్యాగు భుజానికి తగిలించుకుంది. ఆలస్యమైపోతోందనుకుందో ఏమో, బుడ్డి అమ్మ కొంగు లాగింది.

"అమ్మా, నాన్నకి నీ మీద కోపం లేదట."

అతను ఆ మాట అనలేదు. అమ్మ గేటు పక్కనే కూలబడి, కూతుర్ని గట్టిగా పట్టుకుని భోరుమంది.

"ఇంక నువ్వు చెప్పొద్దు తల్లీ," అన్నాడు నాన్న. "నేనే చెబుతాను మీ అమ్మకి."

చెప్పడానికి నోరు తెరిచాడు. బుడ్డి అమ్మ భుజం మీంచి ఆయన నోటికేసి చూస్తూ ఉంది, ఏం చెబుతాడో, అందులో ఎంత మార్చాలోనని.