గూటికి రెండో వాకిలి

పొద్దున్నే వంటింటి తూకం మీద నలుసును కూర్చోబెట్టి అంకె చూసిందామె. పోయిన వారం కంటే నలభై గ్రాములు తక్కువ. అంత చిన్న గినీ పిగ్‌కి నలభై గ్రాములు తగ్గడమంటే మాటలా?

నలుసు ఆమె కూతురిది. పంజరంలోని రెండోది, బొద్దు, భర్త కూతురిది. ఆరు నెలల కిందట ఈ రెండో పెళ్ళితో ఆమె, తొమ్మిదేళ్ళ కూతురు ఈ ఇంటికి వచ్చారు. పన్నెండేళ్ళ పెద్దదాని గదిలో చిన్నదానికి మంచం పడింది, బొద్దు పంజరంలో నలుసుకు చోటు దొరికింది. రెండూ ఆడవే, కలిసిపోతాయిలే అనుకున్నారు. అక్కడే పప్పులో కాలేశారు.

బొద్దు గుర్రుమంటూ నలుసు వెంటపడేది, పళ్ళు కటకటలాడించేది. అట్టపెట్టె గూటి వాకిట్లో అడ్డంగా పడుకుని దాన్ని గిన్నె దగ్గరికి రానిచ్చేది కాదు. ఆమె నలుసును తీసి వేరే బుట్టలో పెట్టేది. రెండు రోజులాగి మళ్ళీ కలిపేది. మళ్ళీ అదే రభస.

ఈ ఉదయం పంజరం దగ్గర పిల్లలిద్దరూ జుట్లు పట్టుకునేదాకా వచ్చారు.

"నీ బొద్దుకి తిండి పిచ్చి," అంది చిన్నది.

"ఇది దాని ఇల్లు. నీదే ఎక్కణ్ణుంచో ఊడిపడింది," అంది పెద్దది.

చిన్నదాని మొహం ఇంత అయిపోయింది. ఆమె మాత్రం పెద్దదాన్ని పల్లెత్తు మాట అనలేదు. ఎలా అంటుంది? సవతి తల్లి రాచిరంపాన పెడుతోందని నలుగురూ అనరూ? ఆ భయంతోనే ఎప్పుడు గొడవైనా తన కూతుర్నే అమ్మమ్మ ఇంటికి పంపించేది. న్యాయంగా ఉన్నాననుకునేది, పిచ్చిది.

"సాయంత్రం దీన్ని మా అమ్మ దగ్గర దింపిరండి," అంది భర్తతో, కూతురి బ్యాగు జిప్పు లాగుతూ.

"మొన్ననేగా అక్కణ్ణుంచి వచ్చింది?"

"నాలుగు రోజులుంటే అన్నీ సర్దుకుంటాయి."

చిన్నది ఆ బ్యాగు తీసుకెళ్ళి గుమ్మం దగ్గర పెట్టుకుంది.

మధ్యాహ్నం పెద్దదాన్ని తోడు తీసుకుని, రెండు గినీ పిగ్‌లతో పశువుల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళిందామె. డాక్టరమ్మ నలుసు నోరు తెరిచి చూసింది.

"పళ్ళు బాగున్నాయి. జబ్బేం లేదు, తిండి అందట్లేదంతే. రెండూ గొడవపడితే ఏం చేస్తారు?"

"విడదీసేస్తానండీ. చూడలేక."

"రక్తం వచ్చిందా ఎప్పుడైనా?"

"లేదండీ."

"వస్తే వెంటనే విడదీయాలి. ఈ తరుముకోవడం, గుర్రుమనడం మాత్రం ఎవరు పెద్దో తేల్చుకోవడానికి. తేలకముందే మీరు తీసేస్తున్నారు. తిరిగొచ్చిన ప్రతిసారీ ఇది కొత్తదే, అది మొదట్నుంచీ మొదలెట్టాల్సిందే. రెండు గిన్నెలు దూరం దూరంగా పెట్టండి, నీళ్ళ సీసాలు కూడా రెండు. గూటికి రెండో వాకిలి తీయండి, తప్పించుకునే దారుండాలి. రోజూ తూకం చూస్తూ ఉండండి."

పెద్దది గోళ్ళు కొరుకుతూ అంతా వింది.

ఇంటి దగ్గర భర్త బండి తాళంచెవితో సిద్ధంగా ఉన్నాడు. చిన్నది బ్యాగు తగిలించుకుని నిలబడింది. పెద్దది వెళ్ళి ఆ బ్యాగు పట్టుకుంది.

"దీన్ని పంపొద్దు."

"నీ మంచికేనమ్మా," అందామె.

"నా మంచికా? ఇది వెళ్ళిన ప్రతిసారీ నేనే తరిమేసినట్టు చూస్తారందరూ. పొద్దున తిట్టాను, నిజమే. మరి నన్ను తిట్టొచ్చుగా పిన్నీ? ఒక్కసారైనా తిట్టావా? పక్కింటి పిల్లతో మాట్లాడినట్టు మాట్లాడతావు నాతో."

చిన్నది అప్పుడు మెల్లగా అంది. "నా బట్టలు ఈ బ్యాగులోనే ఉంటాయమ్మా. ఎలాగూ మళ్ళీ సర్దుకోవాలి కదా అని బయటికి తీయను."

ఆమె కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు బిగించే మనిషి. అద్దం అర మిల్లీమీటరు పక్కకి జరిగినా పట్టేస్తుంది. ఆరు నెలలుగా ఆ గది అల్మారాలో తన కూతురి గౌను ఒక్కటీ లేదన్నది ఆ కళ్ళకే కనిపించలేదు. బ్యాగు మీద చెయ్యేసి అక్కడే కూలబడి ఏడ్చేసింది.

"తప్పు నాదే తల్లీ," అంది. ఎవరితో అందో, ఇద్దరూ దగ్గరికొచ్చారు.

కాసేపటికి కళ్ళు తుడుచుకుని పెద్దదాని వైపు తిరిగింది.

"ఊడిపడిందనడం తప్పు. ఇంకోసారి అన్నావంటే ఊరుకోను."

"అనను," అంది పెద్దది తలొంచుకుని. తిట్టు తిన్నా దాని మొహం తేటపడింది.

ఆ సాయంత్రమే పెద్దది అల్మారాలో రెండు అరలు ఖాళీ చేసింది. ఆమె అట్టపెట్టె వెనక్కి తిప్పి, బ్లేడుతో రెండో వాకిలి కోసింది.

వారానికి నలుసు ఇరవై గ్రాములు పెరిగింది. బొద్దు తరమడం మానలేదు. నలుసు మాత్రం వెనక వాకిట్లోంచి జారుకుని రెండో గిన్నె దగ్గర తేలుతోంది.

ఆ రోజు భోజనాల వేళకి పిల్లల గదిలో మళ్ళీ కేకలు. భర్త అలవాటుగా తాళంచెవి కోసం చెయ్యి చాచాడు.

"కూర్చోండి," అందామె. తనూ లేవబోయి, కుర్చీ అంచు గట్టిగా పట్టుకుని కూర్చుంది. కేకలు ఆగాయి. ఆ తర్వాత చాలాసేపు చప్పుడే లేదు. ఆమె తలుపు వైపే చూసింది.

తలుపు తెరుచుకుంది. పెద్దది మూతి ముడుచుకుని వచ్చి, రెండు కంచాలు తీసి ఆమె ముందు పెట్టింది.

"దానిక్కూడా వడ్డించు. అలిగింది, రాదట. నేనే పట్టుకెళ్తా."

ఆమె రెండు కంచాల్లోనూ వడ్డించింది. పిల్లలు తినేదానికంటే ఎక్కువే వడ్డించింది. కళ్ళ నిండా నీళ్ళు, ఎంత పెడుతోందో కనపడితే కదా.