చప్పుడు లేని తలుపు

ఎమ్మిగనూరు రోడ్డులో బసవరాజు మెకానిక్ షెడ్డు ముందు మురళి బండి ఆపేసరికి పొద్దున పదయింది. రెండువేల ఏడో సంవత్సరం, ఏప్రిల్ నెల. ఆదోనిలో ఆ వేళకే రేకుల కింద నిలబడితే మాడు పగిలిపోతుంది. అట్లాంటి బండి ఊళ్లో అదొక్కటే. బెంగళూరులో ఎవరో వాడి వదిలించుకున్న ఫారిన్ జీపు. పత్తి వ్యాపారి నాగసుబ్బయ్య, నెలకోసారి మంత్రాలయం పోయి స్వామిని చూసి రావడానికని ముచ్చటపడి కొని, తాళాలు కొడుకు మురళి చేతికిచ్చాడు. దానికి రోజూ పసుపూ కుంకుమా, వారానికో నిమ్మకాయ. ఆ ఇంట్లో మనుషులకు కూడా అంత మర్యాద జరిగేది కాదు.

బండికి ఒక్కటే లోపం. డిక్కీ తలుపు రెండు ముక్కలు. పైది అద్దం, పైకి లేస్తుంది. కిందిది ఇనుము, కిందికి వాలుతుంది. వాలడమని మర్యాదకు అనుకోవాలి గానీ, అది పడడమే. డ్రైవరు సీటు పక్కనున్న మీట లాగితే చాలు, వెనక గడియ ఊడి అంత ఇనుమూ ఒక్కసారిగా ధన్ మని కిందికొచ్చి పడేది.

"ఇది మెల్లగా దిగేట్టు ఏదన్నా చెయ్యి బసవరాజూ," అన్నాడు మురళి. "పాప యాడ చెయ్యి పెడతాదో ఏమో. మా పద్మప్రియ పోరు పడలేకుండా ఉండా."

"డ్యాంపర్ ఏస్తే సరిపోతాదప్పా. చిన్న షాకు మాదిరి ఉంటాది. దూది మీద పెట్టినట్టు దిగుతాది తలుపు. చప్పుడే ఉండదు."

చప్పుడే ఉండదు. మురళికి కావలసింది అదే. పాప చేతుల సంగతి పెళ్లానికి చెప్పుకోవడానికి పనికొచ్చే మాట. పాపకు ఆరేళ్లు వచ్చేదాకా ఆ తలుపు ధనధన మోగుతూనే ఉంది, అప్పుడెప్పుడూ ఆయనకు షెడ్డు గుర్తు రాలేదు.

అసలు సంగతి గిడ్డమ్మది. కౌతాళం పక్క పల్లె నుంచి వచ్చి మురళివాళ్ల గోడౌన్లో పత్తి ఏరే తల నెరిసిన మనిషి. పదిహేను రోజుల కిందట, శనివారం మధ్యాహ్నం, బండి వెనక కింద రాలిన పత్తిని వంగి ఏరుతోంది. మురళి సీట్లో కూర్చుని సెల్లులో గుంటూరు బ్రోకరుతో రేటు మాట్లాడుతున్నాడు. మాటల మధ్యలో, వెనక్కి చూడకుండా, మీట లాగాడు. తలుపు ధన్ మని మోగలేదు. మెత్తగా, తడిగా ఒక చప్పుడొచ్చింది. దిగి చూసేసరికి గిడ్డమ్మ మెడ ఉండాల్సిన తీరులో లేదు. చేతిలో పత్తి మాత్రం వదల్లేదు.

చూసినవాళ్లు లేరు. మురళి ఆమెను నీడలోకి లాగి పడుకోబెట్టి, మెడ దాకా కొంగు కప్పి, ఆ తర్వాత కేకలు పెట్టాడు. ఎండదెబ్బ అన్నాడు. ఏప్రిల్ నెలలో ఆ మాటను ఎవరు కాదంటారు?

శవాన్ని అదే బండిలో పల్లెకు పంపుతుంటే ఆమె మొగుడు కంబన్న తువ్వాల్లో ఒక కోడిపిల్లను తెచ్చాడు. శనివారం పోయిన మనిషి పక్కన ప్రాణమున్న కోడిపిల్లను కట్టి పంపుతారు ఆ పల్లెల్లో. పోయినవాళ్లు దాన్ని తోడు తీసుకుని పోతారు, ఇంకొకరి జోలికి రారు. కానీ నాగసుబ్బయ్య అడ్డం నిలబడ్డాడు.

"స్వామి దగ్గరికి పోయే బండప్పా ఇది. ప్రాణమున్న దాన్ని చంపనీకి ఇందులో ఎక్కిస్తే మాకు పాపం. కావాలంటే గుమ్మడికాయ పెట్టుకో."

ఇంట్లోంచి బూడిద గుమ్మడికాయ తెప్పించి శవం పక్కన పెట్టించాడు. కంబన్న సావుకారు మాట దాటలేక కోడిపిల్లను తువ్వాల్లోనే వెనక్కి తీసుకుపోయాడు. కోడిపిల్ల ప్రాణానికి ఆ ఇంట్లో అంత విలువ! గిడ్డమ్మ ప్రాణం గురించి మాత్రం ఆ రోజు పాపం అన్న మాట ఎవరి నోటా రాలేదు.

ఆ మరుసటి రోజు నుంచి తలుపు పడిన ప్రతిసారీ, ధన్ మన్న మోత అడుగున మురళికి ఆ తడి చప్పుడు కూడా వినబడుతోంది. అందుకే షెడ్డుకొచ్చాడు.

బసవరాజు తలుపును పట్టి ఉంచే పాత గొలుసు విప్పాడు. కీలు దగ్గర గుడ్డతో తుడుస్తూ ఆగిపోయాడు. రెండు వేళ్లతో ఏదో లాగాడు. పొడుగ్గా, తెల్లగా... వెంట్రుకలు.

"ఇవి ఎవరివప్పా?"

"మేకవి అయింటాయిలే."

"మీ ఇంటి బండిలో మేక ఎట్లొచ్చినాదప్పా?"

మురళి పక్కకు తిరిగి సెల్లు తీశాడు. బసవరాజు బండి గోడకు ఒక పట్టీ, తలుపుకు ఒక పట్టీ బిగించాడు. రెంటి మధ్య బొటనవేలంత లావున్న నల్ల గొట్టం కూర్చోబెట్టి బోల్టులు తిప్పాడు. "లాగప్పా మీట," అన్నాడు.

మురళి లాగాడు. తలుపు కదిలింది. ఒకటి... రెండు... మూడు... నాలుగు... అయిదు లెక్కపెట్టేసరికి వచ్చి నిలిచింది. చీమ చిటుక్కుమన్నంత చప్పుడు కూడా లేదు. మురళికి రెండు వారాల తర్వాత మొదటిసారి గుండెలనిండా గాలి ఆడింది.

అప్పుడు బండి వెనక భాగం కుంగింది. కొంచెమే. ఎవరో వచ్చి తలుపు అంచున కూర్చుంటే ఎంత కుంగుతుందో, అంత.

"లోపల బరువేమన్నా ఉండాదా?" బసవరాజు గొంతు తగ్గిపోయింది.

"ఏమీ లేదే."

బసవరాజు చేతిలో పానా కింద పెట్టాడు. "ఆ పొద్దు శవాన్ని ఇందులోనే కదా తోలుకపోయింది? శనివారం కదా? కోడిపిల్లను కట్టినారా?"

"గుమ్మడికాయ పెట్టినాం."

"గుమ్మడికాయ తోడు వస్తాదా యాడన్నా?" బసవరాజు దగ్గరికొచ్చి గుసగుసగా అన్నాడు. "ఆమె యాడికీ పోలేదప్పా. తోడు కోసం కాసుకోని ఉండాది. పాపను మాత్రం ఈ బండికాడికి రానీయొద్దు."

కూలి కూడా తీసుకోకుండా బండిని షెడ్డులోంచి బయటికి పంపేశాడు.

మంగళవారం పొద్దున మురళి పెరట్లోకి వచ్చి చూస్తే డిక్కీ తలుపు కిందికి దిగి ఉంది. మూసి తాళం వేశాడు. మధ్యాహ్నానికి మళ్లీ దిగి ఉంది. ముందయితే ఆ తలుపు పడితే వీధంతా ఉలిక్కిపడేది, ఎవరో ఒకరు బయటికొచ్చి చూసేవాళ్లు. ఇప్పుడు ఎప్పుడు తెరుచుకుంటోందో ఎవరికీ తెలియదు. ఆ మోతను చేతులారా తీయించుకున్నది తనే.

బుధవారం సాయంత్రం ఆ తలుపు మీద పాప శ్రీవాణి కూర్చుని ఉంది. కాళ్లు ఊపుకుంటూ, తనలో తను నవ్వుకుంటూ. తల నున్నగా దువ్వి ఉంది. ఆముదం వాసన... ఆ ఇంట్లో ఆముదం ఎవరూ వాడరు. పద్మప్రియా, నాగసుబ్బయ్యా పొద్దుటి బస్సుకే మంత్రాలయం పోయారు, అక్కడ మూడు రోజులు సేవ. పాపకు గురువారం ఆఖరి పరీక్ష, అది రాయించి సాయంత్రం మురళి తీసుకుపోవాలి.

"ఎవరమ్మా తల దువ్వింది?"

"అవ్వ."

"ఏ అవ్వ?"

"ఈడ ఉంటాది కదా, ఆ అవ్వ. రేపు పోదామా అని అడుగుతాంది నాన్నా."

మురళి పాపను లాక్కుని లోపలికి పరుగెత్తాడు. ఒక్కతే బిడ్డ. ఎనిమిదేళ్లు ఎదురుచూసి, మొక్కి, పుట్టించుకున్న బిడ్డ. ఆ రాత్రి ఆమెను పొట్టకు అదుముకుని పడుకుని, కళ్లు మూయకుండా ఆలోచించాడు. భయం మనిషిని ఒక్కోసారి మంచివాణ్ని చేస్తుంది. మురళిని చేయలేదు. తెల్లవారేసరికి ఆయనకు ఒక లెక్క కుదిరింది. గిడ్డమ్మకు కావలసింది తోడు. తల్లికి కూతురు కంటే తోడెవరు?

గిడ్డమ్మ కూతురు నాగలతకు పద్దెనిమిదేళ్లు. తల్లి పోయాక అదే గోడౌన్లో, అదే చోట కూర్చుని పత్తి ఏరుతోంది.

"మంత్రాలయం వస్తావా? పాపను చూసుకోనుంటావు, స్వామి దర్శనం అయితాది," అన్నాడు మురళి.

ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. "మా యమ్మ పోవల్లని శానా అనుకునేది సావుకారీ," అంది.

సాయంత్రం ఆరుగంటలకు బయల్దేరారు. శ్రీవాణిని ముందు సీట్లో తన పక్కన కూర్చోబెట్టి బెల్టు తనే బిగించాడు, రెండుసార్లు లాగి చూశాడు. నాగలతను వెనక డిక్కీలో సామాన్ల పక్కన కూర్చోమన్నాడు. "తలుపుకు ఆనుకో, సుఖంగా ఉంటాది," అని కూడా చెప్పాడు. ఆ పిల్ల కాళ్లు ముడుచుకుని, సరిగ్గా ఆ ఇనుప తలుపుకు వీపు ఆనించి కూర్చుంది.

ఊరు దాటాక పొద్దు కుంకింది. రోడ్డుకు అటూ ఇటూ కోసేసిన పత్తి చేలు, మోళ్లు, ఎర్రమట్టి. మనిషి జాడ లేదు. మురళి ఎడమ చెయ్యి గేరు మీద ఉంది. చీకటి పడేకొద్దీ శ్రీవాణి భయపడి ఆయన చిటికెనవేలు పట్టుకుని, అట్లాగే కునుకు తీసింది.

అద్దంలో వెనక్కి చూశాడు. నాగలత తల ఒక పక్కకు వాలి ఉంది. నిద్రపోయింది.

ఇంకో మైలు పోయాక బండిలోకి వాసన వచ్చింది. ఆముదం. దాని వెంట తడిసిన పత్తి వాసన. మళ్లీ అద్దంలో చూశాడు.

రెండు తలలు.

ఒకటి నాగలతది. ఇంకొకటి దాని పక్కనే... ఉండాల్సిన తీరులో లేదు. భుజం మీదికి వేలాడుతోంది.

మురళి అరవలేదు. అరిస్తే పాప లేస్తుంది. పళ్లు బిగపట్టి, కుడి చెయ్యి స్టీరింగు మీంచి తీసి, సీటు పక్కకు దించాడు. మీట చల్లగా తగిలింది. "తీసుకోమ్మా," అన్నాడు గొంతులోనే. "నీ బిడ్డే... తీసుకో... మమ్మల్ని వదిలెయ్."

లాగాడు.

చప్పుడు లేదు. వెనక నుంచి గాలి మాత్రం వచ్చింది. ఒకటి... రెండు... మూడు... నాలుగు... అయిదు. అద్దంలో చూశాడు. ఒక తలా లేదు, రెండు తలలూ లేవు. వెనక చీకటి, దాని వెనక రోడ్డు.

పోయింది. ఇద్దరూ పోయారు. మురళికి ఏడుపొచ్చింది, ఆ వెంటనే నవ్వొచ్చింది. చిటికెనవేలు మీద చిన్న చెయ్యి గట్టిగా బిగిసింది. "ఏం లేదు బంగారూ, పడుకో," అన్నాడు. బండి ఆపలేదు. తలుపు మూయడానికి కూడా దిగలేదు. అరగంట పాటు అట్లాగే తోలాడు, రోడ్డు మీంచి కళ్లు తిప్పకుండా, ఆ చేతిని వదలకుండా. అమ్మాయి నిద్రలో జారిపోయింది సార్ అని పోలీసులకు ఎట్లా చెప్పాలో మాటలు కూడా కూర్చుకున్నాడు.

మాధవరం దీపాలు కనబడ్డాక బండి పక్కకు తీసి ఆపాడు. పాప లేవకుండా వేలు మెల్లగా విడిపించుకున్నాడు. లోపలికి తిరిగి చూడకుండా దిగి వెనక్కి నడిచాడు.

తలుపు దిగి ఉంది. దాని మీద నాగలత పడుకుని ఉంది.

ఒంటి మీద గీత కూడా లేదు. సామాన్ల మీది దుప్పటి ఎవరో తెచ్చి మెడ దాకా కప్పారు. తల నిండా నూనె, కొత్తగా వేసిన జడ. మురళి అడుగుల చప్పుడుకు లేచి కూర్చుంది. మొహంలో భయం లేదు.

"మా యమ్మ వచ్చినాది సావుకారీ," అంది మెల్లగా. "నేను పడిపోకుండా పట్టుకోని కూచున్నాది. తల దువ్వి జడేసినాది."

"ఇప్పుడు... ఇప్పుడు యాడుండాది?"

"పోయినాది. పాపను సంకనేసుకోని దిగిపాయ. పాప నగుతా పోయినాది." నాగలత బండి వచ్చిన రోడ్డు వైపు చెయ్యి చూపించింది. "శానా సేపాయ సావుకారీ. ఆ పత్తి చేల కాడ, నువ్వు తలుపు తీస్తివే... అప్పుడు."

మురళి ముందుకు పరుగెత్తి పాప పక్క తలుపు లాగాడు. లోపల లైటు వెలిగింది. సీటు ఖాళీగా ఉంది. బెల్టు బిగించినట్టే, బిగించిన చోటే ఉంది. సీటు మీద చెయ్యి పెట్టి చూశాడు. చల్లగా ఉంది, చాలాసేపటి నుంచి ఎవరూ కూర్చోనట్టు.

"శ్రీవాణీ!" అని అరుస్తూ రోడ్డు మీద వెనక్కి పరుగు తీశాడు. రెండు చేతులూ గాలిలో ఊగుతున్నాయి. పది అడుగులు పోయి ఆగిపోయాడు.

ఎడమ చేతి చిటికెనవేలిని ఎవరో ఇంకా పట్టుకునే ఉన్నారు.