కెటిల్ మోగే తోపు

లువాంగ్వా ఏరు ఎప్పుడో దారి మార్చుకుంటూ వదిలేసి పోయిన మడుగు ఒకటుంది. ఆ మడుగు గట్టున తుమికి తోపు. పట్టపగలు కూడా అక్కడ చీకటే. ఏటి ఒడ్డు ఊళ్ళల్లో ఎంత వాగుడుకాయైనా సరే, ఆ తోపు పేరెత్తితే గొంతు తగ్గించేస్తాడు.

పొద్దుగూకాక అక్కడ టీ కెటిల్ మోగుతుందట.

ఠంగ్... కాసేపాగి మళ్ళీ... ఠంగ్.

నేను విన్నదే చెబుతున్నాను. ఆ మోత వినబడితే వెనక్కి తిరగకూడదంటారు. తిరిగితే ఒక చెయ్యి ముందుకొచ్చి కప్పు అందిస్తుందట — చెయ్యి కనబడుతుంది, మొహం కనబడదు. ఆ టీ పుచ్చుకున్నవాడు మళ్ళీ వానలు చూడడు. చేపలవాళ్ళు ఆ మడుగులో వల వేయడం మానేశారు. తేనె కొట్టేవాళ్ళు చుట్టూ తిరిగి పోతారు. సింహాల మధ్య అతిథుల్ని తిప్పే సఫారీ గైడ్లు, మెడలో బైనాక్యులర్లు వేసుకున్న మొనగాళ్ళు... వాళ్ళూ అంతే.

ఆ చెయ్యి ఎవరిదో అందరికీ తెలుసు. మతియాసుది. టీ మోసేవాడు.

అక్కడ అతిథుల్ని కాలినడకనే తిప్పుతారు. ఒక బస నుంచి ఇంకో బసకు, రోజుల తరబడి. ముందు తుపాకీ పట్టిన స్కౌటు, వెనక గైడు, ఆ వెనక అతిథులు, అందరికన్నా చివర కెటిలూ కప్పులూ వీపున వేసుకుని టీ మోసేవాడు. రోజూ పొద్దున్నే గైడు చెప్పే మాట ఒకటే — "ఏం జరిగినా పరుగెత్తకండి. పరుగెత్తినవాడు మేత."

మతియాసు పరుగెత్తాడట. అందుకే చచ్చాడట. చచ్చి దెయ్యమయ్యాడట.

ఈ మాట చెప్పింది ఊరివాళ్ళు కాదు. స్కౌటు సకాలా. మతియాసుకి స్వయానా మేనమామ.

కొన్నేళ్ళ కిందట ఒక యాత్ర ముగిసి అతిథులు జీపెక్కి వెళ్ళిపోయాక, మామా మేనల్లుడూ ఇద్దరే తోపు మీదుగా బసకి నడిచొస్తున్నారు. చీకటి పడ్డాక సకాలా ఒక్కడే వచ్చాడు. మర్నాడు అందరినీ తీసుకెళ్ళి మడుగు బురదలోంచి మేనల్లుడి శవాన్ని తెచ్చాడు. "ఆడఏనుగు ఎదురొచ్చిందర్రా! ఆగరా, ఆగరా అని అరుస్తూనే ఉన్నాను. కెటిల్ మడుగులోకి విసిరేసి పరుగు తీశాడు వెర్రివెధవ!" అని గుండెలు బాదుకుని ఏడ్చాడు. ఊరు నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది?

మతియాసు తమ్ముడు యోతాము కూడా నమ్మాడు. వాళ్ళలో పిల్లలకి తండ్రికన్నా మేనమామే పెద్దదిక్కు. తండ్రి పోయాక ఇద్దరినీ పెంచింది సకాలా మామే. యోతాము చదివి గైడు అయ్యాడంటే ఆ మామ పెట్టిన ముద్దే. ఇప్పుడు అడవిలో నడిచేటప్పుడు ముందు మామ తుపాకీ, వెనక యోతాము. ఆ వీపు చూసుకునే యోతాము ధైర్యంగా నడుస్తాడు.

అన్నంటే మాత్రం ఏడుపు కన్నా కోపమే ఎక్కువ. చిన్నప్పుడు అడవిలో నిలబడడం నేర్పింది ఆ అన్నే. "ఏనుగు దగ్గరపడితే కప్పులు గలగలలాడకూడదురా. కెటిల్‌ని మెల్లిగా కొమ్మకి తగిలించాలి. ముందు దాని నోరు మూయించు, తరవాత నీ నోరు. ఆనక మానుకి వీపు ఆనించి మానైపో," అనేవాడు. అంత నేర్పినవాడు తానే కెటిల్ పారేసి పరుగెత్తాడు! తమ్ముణ్ణి మోసం చేసి పోయినట్టే కదా. 'పరుగెత్తినవాడి తమ్ముడు' అని తోటి గైడ్లు ఎన్నిసార్లు ఎకసెక్కాలాడలేదు?

ఇప్పుడు ఆ కోపానికి తోడు ఇంకో తగువు వచ్చిపడింది. చెల్లెలు దైలేసికి కొడుకు పుట్టాడు. పోయిన పెద్ద కొడుకు పేరు పెట్టుకోవాలని తల్లి ఆశ. పేరు పెడితే పోయినవాడు మళ్ళీ ఇంట్లో కాలుపెట్టినట్టే వాళ్ళకి. కానీ పేరు పెట్టాల్సింది మేనమామలకే పెద్దయిన సకాలా. ఆయన ససేమిరా అన్నాడు.

"పరుగెత్తినవాడి పేరు పెడితే బిడ్డకీ ఆ బుద్ధే వస్తుంది. వద్దు," అన్నాడు.

తల్లి గడపలో కూర్చుని ఏడ్చింది. "నువ్వైనా చెప్పరా మీ మామకి," అంది. యోతాము నడకకి సంచీ సర్దుకోవడంలో పడ్డాడు. ఈ నడక నుంచి తిరిగి రాగానే బిడ్డకి ఇంకేదో పేరు పెట్టేయాలి. మతియాసు అన్న పేరు ఆ ఇంటి నుంచి శాశ్వతంగా పోతుంది.

అదిగో, ఆ నడకలోనే జరిగింది.

అతిథులు ఇద్దరే — డెన్మార్క్ నుంచి వచ్చిన ముసలి దంపతులు. భార్య పేరు బిర్గిట్. ఆవిడకి ఎంత నడిచినా నవ్వే, కాలికి బొబ్బలెక్కినా నవ్వే. ఆ సాయంత్రం బస ఇంక కాస్త దూరంలో ఉందనగా దారికి అడ్డంగా అడవిదున్నల మంద పడుకుని ఉంది.

"చుట్టూ పోదాం," అన్నాడు సకాలా మామ.

"ఎటు మామా? అటూ దున్నలే, ఇటూ దున్నలే. మిగిలింది తోపు దారి."

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల? అవి లేచేదాకా ఇక్కడే కూర్చుందాం."

"చీకటి పడితే సింహాలు కూడా వచ్చి మన పక్కనే కూర్చుంటాయి. ఆవిడ కాలు చూడు."

చివరనున్న జాఫెతు — ఇప్పటి టీ మోసేవాడు, నలుగురు పిల్లల తండ్రి, నోరు ఊరుకోని మనిషి — గబగబా ముందుకొచ్చాడు. "అన్నా, నేను మధ్యలో నడుస్తా. దెయ్యం ముందు పలకరించేది నన్నే. టీ వాడికి టీ వాడే చుట్టం."

"నోర్ముయ్!" అన్నాడు సకాలా. ఆ కసురు జాఫెతు మీద కాదనిపించింది యోతాముకి. కానీ నడిపించే గైడు తానే. తోపు దారే పట్టించాడు.

వెలుగు పోయింది. మడుగు మీది నుంచి రోజూ లేచినట్టే చల్లటి గాలి లేచింది. చెట్ల కింద అడుగు ఎక్కడ పడుతోందో తెలియడం లేదు. ఎండుటాకుల చప్పుడు ఒక్కటే...

ఠంగ్.

జాఫెతు ఆగిపోయాడు. "అన్నా..."

"నడు."

ఠంగ్... ఠంగ్...

"టీ తయారవుతోందా?" అని బిర్గిట్ సంబరంగా అడిగింది.

ఎవరూ నవ్వలేదు. యోతాము ధైర్యం కోసం మామ వీపు వైపు చూశాడు. ఆ వీపు దూరమవుతోంది. స్కౌటు అన్నవాడు అందరికన్నా నెమ్మదిగా నడిచేవాడి అడుగుతో నడవాలి. సకాలా పెద్ద అంగలు వేస్తున్నాడు... ఇంకా పెద్దవి... తుపాకీ భుజం మీద ఎగురుతోంది...

"మామా!" గుసగుసగా పిలిచాడు యోతాము.

సకాలా పరుగెత్తాడు.

అతిథుల్నీ మేనల్లుణ్ణీ చీకట్లో వదిలేసి, ఉన్న ఒక్క తుపాకీతో సహా మాయమైపోయాడు. యోతాము దారి మధ్యలో ఆగిపోయాడు. అది దెయ్యం భయం కాదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నించి ఆనుకుని నిలబడిన గోడ పక్కకి తప్పుకున్నట్టనిపించింది.

పక్కనే మనిషెత్తు చెదపుట్ట ఉంది. అతిథుల్ని దాని చాటున నిలబెట్టాడు. "జాఫెతూ, వీళ్ళని పట్టుకుని ఉండు. ఎవరూ కదలకండి."

"నువ్వెక్కడికి? అన్నా, నీకు దండం పెడతా!"

"ముందు ఏముందో చూడకుండా వీళ్ళని నడిపించలేను."

టార్చి వేశాడు. ఠంగ్... ఆ మోత దారి పక్కనే, ఒక పెద్ద తుమికి మాను వెనకనుంచి వస్తోంది. తిరిగి చూడకూడదని తెలుసు. చచ్చిన అన్న మీద ఉన్న కోపమంతా పైకొచ్చింది. "నన్నెందుకు పిలుస్తావు అన్నా?" అన్నాడు పళ్ళ బిగువున. "నువ్వూ పారిపోయావు. ఈయనా పారిపోయాడు. నాకెవరున్నారు?"

మాను చుట్టూ తిరిగి వెలుగు పైకెత్తాడు.

చెయ్యి లేదు. మొహం లేదు.

కొమ్మకి ఒక కెటిల్ వేలాడుతోంది.

మసి పట్టిన పాత కెటిల్. అన్న ఇనప తీగ వంచి చేసుకున్న కొక్కెం. పిడికి చుట్టిన గుడ్డ, అమ్మ తన పాత బట్టలోంచి చింపి ఇచ్చింది, దారాలై వేలాడుతోంది. గాలి వీచినప్పుడల్లా పిడికి కట్టిన రేకు కప్పు ఊగి కెటిల్‌కి తగులుతోంది. ఠంగ్. ఇన్నేళ్ళుగా ఊళ్ళని హడలగొట్టిన దెయ్యం అదే.

యోతాముకి నవ్వొచ్చింది. ఆ నవ్వు గొంతులోనే ఆగిపోయింది.

కొక్కెం కొమ్మలోకి దిగిపోయి ఉంది. చుట్టూ బెరడు కమ్మేసింది. అది నిన్నా మొన్నా తగిలించింది కాదు. మరి మామ ఏమన్నాడు? మడుగులోకి విసిరేశాడన్నాడు. ప్రాణభయంతో పరుగెత్తేవాడు ఆగి, కొమ్మ చూసుకుని, చప్పుడు కాకుండా కెటిల్ తగిలిస్తాడా?

అన్న నిలబడ్డాడు. తమ్ముడికి నేర్పినట్టే నిలబడ్డాడు. ఆ రోజు ఇక్కడ ఉన్నది ఇద్దరే. ఒకడు పరుగెత్తాడు. అది కెటిల్ తగిలించినవాడు కాదు.

యోతాము మానుకి తల ఆనించి ఏడ్చాడు. తరవాత కత్తితో బెరడు చీల్చి కెటిల్ దించాడు.

బసలో మంట దగ్గర సకాలా కూర్చుని ఉన్నాడు, ఒళ్ళో తుపాకీతో. అతిథులు బతికి వచ్చామన్న సంతోషంతో అన్నం తినడానికి గుడారంలోకి పోయారు. జాఫెతు మాత్రం ఊరుకోలేదు. "ఏం మామా, మాకన్నా నీకే ఆకలెక్కువైందా?"

"దారి చూద్దామని ముందొచ్చాను," అన్నాడు సకాలా.

యోతాము కెటిల్ తెచ్చి ఆయన ముందు పెట్టాడు. మంట వెలుగులో దాని తుప్పు చిల్లులు కనబడుతున్నాయి. సకాలా దాన్ని చూశాడు. కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకోవాలి?

"కొమ్మకి తగిలించి ఉంది మామా," అన్నాడు యోతాము.

"...తెలుసు."

"తెలుసా?"

"తీసేద్దామని పోయాను. రెండు మూడుసార్లు పోయాను. మోత వినగానే కాళ్ళు ఆగేవి కావు." గొంతు గుసగుసలోకి దిగింది. "ఏనుగు పిల్ల మా వెనకే ఉందిరా, చూసుకోలేదు. తల్లి వచ్చింది. వాడు కెటిల్ తగిలించి మానుకి ఆనుకున్నాడు. నేను వాడి ముందు నిలబడాలి. తుపాకీ నాది... నిలబడలేకపోయాను. 'పరుగెత్తకు మామా' అన్నాడు. అరవలేదు. మెల్లిగా అన్నాడు. అదే ఆఖరు మాట. నేను కదిలాను. నా కదలిక చూసే అది మీదికొచ్చింది. దారిలో వాడున్నాడు. ఎత్తి మడుగులో పడేసింది."

"కప్పు అందించే చెయ్యి? మొహం లేని మనిషి?"

"నేనే పుట్టించాను. ఎవరూ తోపులోకి పోకూడదని."

"భయపడ్డానని చెప్పి ఉంటే ఊరు ఒక ఏడు నవ్వేది మామా. మరుసటి ఏటికి మరిచిపోయేది." యోతాము కెటిల్‌ని ఆయన వైపు తోశాడు. "పెంచిన చేత్తోనే అన్నని దెయ్యాన్ని చేశావు. నన్ను వాడి మీద కోపంతో బతికించావు. మా అమ్మ తన బిడ్డ పేరు పెట్టమని ఏడుస్తుంటే వాడి పేరునే తిట్టావు!"

సకాలా కెటిల్ పిడికి వేలాడుతున్న దారాల్ని వేళ్ళతో సవరించాడు.

"ఇంటికి పోయాక, అందరి ముందూ బిడ్డని ఎత్తుకుని మతియాసు అని నువ్వే పిలవాలి. ఎందుకు పిలుస్తున్నావో కూడా నువ్వే చెప్పాలి."

అందరి ముందూ... ఆ మాటకి సకాలా లేచాడు. తుపాకీ ఒళ్ళోంచి జారి పడింది. ఊరు, అక్కగారు, తోటి స్కౌట్లు, అందరి మొహాలూ కళ్ళ ముందు కనబడ్డాయేమో — మంటకి వీపు తిప్పి, చేతిలో ఏమీ లేకుండానే చీకటి వైపు అడుగేశాడు. ఇంకో అడుగు...

"పరుగెత్తకు మామా."

ఎవరో మెల్లిగా అన్నారు.

సకాలా అక్కడే నిలబడిపోయాడు. కాసేపటికి వెనక్కి వచ్చి, కెటిల్ పక్కన నేల మీద కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

దైలేసి కొడుకు పేరు ఇప్పుడు మతియాసు. సకాలాయే పెట్టాడు, అంతా చెప్పే పెట్టాడు. ఆ తరవాత ఆయన మళ్ళీ తుపాకీ పట్టలేదు. యోతాము ఆయనతో మాట్లాడతాడు గానీ, మునుపటిలా కాదు. తోపులో ఇప్పుడు ఏ మోతా లేదు. చేపలవాళ్ళు మళ్ళీ వలలు వేస్తున్నారు.

కానీ ఆ రాత్రి మంట దగ్గర ఆ మాట అన్నది మాత్రం తాను కాదని యోతాము ఇప్పటికీ తల్లి మీద ఒట్టేసి చెబుతాడు. జాఫెతు కూడా తాను కాదంటాడు. ఆ గొంతు తన వెనకనుంచి వచ్చిందట... వరసలో ఎప్పుడూ చివర నడిచేది తనేనట, తన వెనక ఇంకెవరూ ఉండరట.